వీసీపీయూ ‘రన్నింగ్’ అంటోంది, వీఎం మాత్రం కదలడం లేదు: స్థితులను చదివే పద్ధతి

వీఎం (వర్చువల్ మెషీన్, అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) స్లోగా ఉందని టికెట్ వస్తుంది. హోస్ట్‌లోకి, అంటే ఆ వీఎం నడిచే అసలు సర్వర్‌లోకి లాగిన్ అయి, వీఎంలను నిర్వహించే విర్ష్ టూల్‌తో ‘విర్ష్ వీసీపీయూఇన్ఫో’ కొడితే నాలుగు వీసీపీయూలూ (వీఎంకు ఇచ్చిన వర్చువల్ సీపీయూలు) ‘రన్నింగ్’ అనే చూపిస్తాయి. గెస్ట్, అంటే వీఎంలోని ఆపరేటింగ్ సిస్టమ్ లోపల టాప్ కమాండ్ తెరిస్తే అప్లికేషన్ వాడుతున్న సీపీయూ సగం కూడా ఉండదు. అటు హోస్ట్ టీమ్ ‘మా వైపు అంతా బాగానే ఉంది’ అంటుంది, ఇటు అప్లికేషన్ టీమ్ ‘మా కోడ్ మారలేదు’ అంటుంది. ఈ వాదన తేలకపోవడానికి కారణం ఒక్కటే. వీసీపీయూ కోర్ కోసం లైన్లో నిలబడి ఎదురుచూసే స్థితి ఒకటుంది, ఆ స్థితికి విర్ష్‌లో పేరే లేదు. దాన్ని కౌంటర్ల నుంచి లెక్కగట్టి పట్టుకోవాలి.

ఇక్కడ ప్రధానంగా లినక్స్ కెర్నల్‌లో వీఎంలను నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్ (విర్ష్ దాని కమాండే) గురించే చెబుతున్నాం. చివర్లో వీఎంలను నడిపే ఇతర వ్యవస్థలైన జెన్, ఈఎస్ఎక్స్‌ఐ విషయాలు కొంత. కమాండ్లను పలికే తీరులోనే రాశాం, టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

అసలు స్థితులు ఎన్ని

కేవీఎంలో వీఎం అంటే హోస్ట్ మీద నడిచే ఒక క్యూఎము (వీఎం హార్డ్‌వేర్‌ను అనుకరించే ప్రోగ్రాం) ప్రాసెస్. అందులో ఒక్కో వీసీపీయూ ఒక్కో థ్రెడ్. హోస్ట్ లినక్స్ షెడ్యూలర్‌కు ఆ థ్రెడ్ మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, బ్యాకప్ స్క్రిప్టుతో సమానంగానే చూస్తుంది. కాబట్టి ఏ క్షణంలోనైనా వీసీపీయూ ఈ నాలుగింట్లో ఒక స్థితిలో ఉంటుంది.

నడుస్తున్నది: ఒక ఫిజికల్ కోర్ మీద ఉంది, గెస్ట్ కోడ్ అమలవుతోంది, లేదా గెస్ట్ తరఫున కేవీఎం ఏదో పని చేస్తోంది.

సిద్ధంగా ఉన్నది: చేయాల్సిన పని ఉంది, కోర్ ఖాళీ లేదు. హోస్ట్ రన్ క్యూలో నిలబడి ఉంది. గెస్ట్‌కు ఈ సంగతి ఆ క్షణాన తెలియదు. దాని దృష్టిలో ప్రోగ్రాం నడుస్తూనే ఉంది, మధ్యలో కొంత కాలం మాయమైంది, అంతే.

నిద్రలో ఉన్నది: గెస్ట్‌కు పని లేక హెచ్ఎల్‌టీ (హాల్ట్, అంటే ఆగు) ఇన్‌స్ట్రక్షన్ వేసింది. కేవీఎం ఆ థ్రెడ్‌ను నిద్రపుచ్చి కోర్‌ను వదిలేసింది. టైమరో, నెట్‌వర్క్ ఇంటరప్టో వచ్చాక లేస్తుంది. లేచిన వెంటనే కోర్ దొరుకుతుందన్న హామీ లేదు, ముందు ‘సిద్ధం’ క్యూలోకే వెళ్తుంది.

ఆఫ్‌లైన్: వీఎంకు ఇచ్చిన గరిష్ఠ సంఖ్యలో ఉంది గానీ ఇంకా తగిలించలేదు, లేదా తీసేశారు.

జెన్ వీటినే రన్నింగ్, రన్నబుల్, బ్లాక్డ్, ఆఫ్‌లైన్ అని నాలుగు పేర్లతో విడివిడిగా లెక్కపెడుతుంది. మా దృష్టిలో అదే అన్నింటికన్నా శుభ్రమైన విభజన. ఈఎస్ఎక్స్‌ఐలో రన్, రెడీ, వెయిట్ అంటారు, అదనంగా కో-స్టాప్ అనేది ఒకటుంది.

ఆన్‌లైన్‌లో ఉన్న వీసీపీయూకు ఒక లెక్క ఎప్పుడూ నిలుస్తుంది: 10 సెకన్లు తీసుకుంటే, నడిచిన కాలం, క్యూలో ఉన్న కాలం, నిద్రపోయిన కాలం కలిపి 10 సెకన్లే. కింద చేసేదంతా ఈ కూడికే.

వీసీపీయూఇన్ఫోను ఎంతవరకు నమ్మాలి

విర్ష్ వీసీపీయూఇన్ఫో వెబ్1

వెబ్1 మన వీఎం పేరు. ఈ కమాండ్ ఒక్కో వీసీపీయూకు ఐదు వరసలు ఇస్తుంది: వీసీపీయూ నంబరు, అది ఉన్న ఫిజికల్ సీపీయూ నంబరు, స్థితి, ఇప్పటిదాకా వాడిన సీపీయూ కాలం, అఫినిటీ. లిబ్‌వర్ట్ లెక్కలో స్థితి పేర్లు మూడే: ఆఫ్‌లైన్, రన్నింగ్, బ్లాక్డ్. కేవీఎం విషయంలో ‘రన్నింగ్’ అంటే ‘ఈ వీసీపీయూ తగిలించి ఉంది’ అని మాత్రమే అర్థం చేసుకోండి. గెస్ట్ గంటలకొద్దీ ఖాళీగా ఉన్నా అదే మాట. వీఎంను పాజ్ చేసి పెట్టినా అదే మాట. మూడు గంటలుగా పాజ్‌లో ఉన్న వీఎంకు వీసీపీయూఇన్ఫో కొట్టి ‘సీపీయూలు నడుస్తున్నాయి కదా’ అని నిశ్చింతగా కూర్చునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇందులో నిజంగా పనికొచ్చేవి రెండు. ఒకటి సీపీయూ కాలం: రెండుసార్లు కొట్టి తేడా చూస్తే ఆ వీసీపీయూ కదులుతోందో లేదో తెలుస్తుంది. రెండోది అఫినిటీ: ‘వై’ అక్షరం ఉన్నచోట ఆ ఫిజికల్ సీపీయూ మీద నడవొచ్చు, గీత ఉన్నచోట నడవకూడదు. అక్షరాలు లెక్కపెట్టడం కష్టమైతే --ప్రెట్టీ చేర్చండి, నంబర్ల వరసలుగా చూపిస్తుంది.

డిలే లెక్క

అసలు సమాచారం ఇక్కడుంది:

విర్ష్ డోమ్‌స్టాట్స్ --వీసీపీయూ వెబ్1

ఒక్కో వీసీపీయూకు స్టేట్, టైమ్, వెయిట్, హాల్టెడ్, డిలే అనే ఫీల్డులు వస్తాయి. టైమ్, డిలే రెండూ నానోసెకన్లలో, వీఎం మొదలైనప్పటి నుంచి పెరుగుతూ పోయే మొత్తాలు. టైమ్ అంటే థ్రెడ్ కోర్ మీద గడిపిన కాలం. డిలే అంటే హోస్ట్ షెడ్యూలర్ క్యూలో చేరి కూడా నడవకుండా నిలబడ్డ కాలం. మనం వెతుకుతున్న ‘సిద్ధం’ స్థితి ఇదే. వెయిట్ అనే పేరు చూసి తొందరపడి దాన్ని పట్టుకోవద్దు, ఈ లెక్కకు టైమ్, డిలే చాలు. హాల్టెడ్ ‘యెస్’ అని ఉంటే, చూసిన ఆ క్షణంలో గెస్ట్ ఖాళీగా ఉందని. ఒక్క క్షణపు మాట కాబట్టి దానికి పెద్ద విలువ ఇవ్వకండి.

చేసే పద్ధతి:

1. ఫిర్యాదు ఉన్న సమయంలోనే కమాండ్ కొట్టి, ఒక వీసీపీయూ టైమ్, డిలే రాసుకోండి.
2. సరిగ్గా 10 సెకన్లు ఆగి మళ్లీ కొట్టండి.
3. తేడాలు తీసి, 1,00,00,00,000తో భాగిస్తే సెకన్లు వస్తాయి.
4. 10 నుంచి రెండు తేడాలూ తీసేస్తే మిగిలింది నిద్రపోయిన కాలం.

ఒక లెక్క చేసి చూద్దాం. మొదటిసారి టైమ్ 91.204 సెకన్లు, డిలే 3.110. పది సెకన్ల తర్వాత టైమ్ 96.254, డిలే 8.050. తేడాలు 5.05, 4.94. కలిపితే 9.99. అంటే నిద్రపోయింది 0.01 సెకను మాత్రమే. గెస్ట్ పూర్తి వేగంతో పరుగెత్తాలనుకుంది, సగం కాలమే దొరికింది. సగానికి సగం ఇంత కచ్చితంగా వచ్చిందంటే సాధారణంగా రెండు అనుమానాలే: ఇంకో బిజీ థ్రెడ్ అదే కోర్‌ను పంచుకుంటోంది, లేదా ఎవరో 50 శాతం కోటా (సీపీయూ కాలానికి పరిమితి) పెట్టారు.

టైమ్ తేడా 9.9, డిలే దాదాపు సున్నా అయితే హోస్ట్ తప్పు లేదు, గెస్ట్‌కు నిజంగానే పని ఎక్కువ. వీసీపీయూలు పెంచాలో, అప్లికేషన్‌ను సరిచేయాలో లోపలికెళ్లి తేల్చుకోవాలి. రెండూ తక్కువైతే సీపీయూతో సంబంధమే లేదు. డిస్కో, నెట్‌వర్కో, డేటాబేస్ లాకో చూడండి. డిలే మాత్రం మొత్తం కాలంలో 5 శాతం దాటితే పట్టించుకోవాలి, 10 దాటితే వాడేవాళ్లకు తెలిసిపోతుంది. ఈ అంకెలు శాసనాలు కావు. రాత్రి నడిచే బ్యాచ్ పనికి 15 శాతమైనా ఎవరూ అడగరు, వాయిస్ కాల్స్ నడిపే వీఎంకు 3 శాతమే గొడవ తెస్తుంది.

పాత లిబ్‌వర్ట్‌లో డిలే ఫీల్డు కనిపించదు. అప్పుడు పీఎస్‌కు పెద్ద టీ ఆప్షన్, చిన్న పీ ఆప్షన్‌తో క్యూఎము ప్రాసెస్ నంబరు ఇస్తే థ్రెడ్ల జాబితా వస్తుంది. ‘సీపీయూ 0/కేవీఎం’, ‘సీపీయూ 1/కేవీఎం’ అనే పేర్లున్నవే వీసీపీయూలు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు, దాని కింద టాస్క్, దాని కింద థ్రెడ్ నంబరు, అందులో షెడ్‌స్టాట్ అనే ఫైలు. మూడే అంకెలుంటాయి: కోర్ మీద గడిపిన కాలం, క్యూలో నిలబడ్డ కాలం, ఎన్నిసార్లు కోర్ ఎక్కిందన్న లెక్క. మొదటి రెండూ నానోసెకన్లే.

గెస్ట్ లోపలి నుంచి చూస్తే

హోస్ట్ యాక్సెస్ లేనివాళ్లకు ఉన్న దారి స్టీల్ టైమ్. టాప్‌లో సీపీయూ వరస చివర ‘ఎస్‌టీ’ అని ఉంటుంది, వీఎంస్టాట్‌లోనూ అదే పేరుతో ఒక కాలమ్. హోస్ట్‌లో మనం డిలే అని చూసినదే గెస్ట్‌కు స్టీల్‌గా కనిపిస్తుంది. ప్రాక్ స్టాట్ ఫైల్లో సీపీయూ వరసలో ఎనిమిదో అంకె అది.

రెండు చోట్ల పొరబడతారు. మొదటిది మానిటరింగ్ ఏజెంట్లు. చాలా వాటిలో సీపీయూ వాడకం అంటే ‘వందలోంచి ఐడిల్ తీసేయగా మిగిలింది’. అప్పుడు స్టీల్ కూడా వాడకం కిందే పడుతుంది. డాష్‌బోర్డులో 95 శాతం అని ఎర్రగా వెలుగుతుంది, అందులో 40 స్టీల్. అప్లికేషన్‌ను తిట్టే ముందు ఆ 95ని విడదీసి చూడండి. అప్పటికే ఎవరైనా ‘సీపీయూ నిండిపోయింది’ అని ఇంకో నాలుగు వీసీపీయూలు తగిలించి ఉంటే హోస్ట్ క్యూ ఇంకా పొడవై స్టీల్ పెరుగుతుంది, తగ్గదు.

రెండోది, గెస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు స్టీల్ దాదాపు సున్నా చూపడం. నడవాలనుకున్నప్పుడే క్యూలో నిలబడతారు కదా. రాత్రి పూట చూసి ‘స్టీల్ లేదు’ అని టికెట్ మూసేస్తే ఉదయం పది గంటలకు మళ్లీ తెరుచుకుంటుంది.

డిలే ఎక్కువుంటే కారణం పట్టుకోవడం

ముందు పిన్నింగ్ (వీసీపీయూను ఫలానా ఫిజికల్ సీపీయూకు కట్టేయడం) చూడండి, ఎందుకంటే తొందరగా తేలిపోయేది అదే. విర్ష్ వీసీపీయూపిన్ వెబ్1 అని మాత్రమే కొడితే ఏ వీసీపీయూ ఏ ఫిజికల్ సీపీయూకు కట్టేసి ఉందో చూపిస్తుంది. హోస్ట్ మీదున్న అన్ని వీఎంలకూ ఇదే కొట్టి పక్కపక్కన పెట్టుకోండి. ఒక వీఎంను క్లోన్ చేసినప్పుడు ఎక్స్ఎంఎల్‌లోని పిన్నింగ్ కూడా అలాగే వస్తుంది. పాత వీఎం 4 నుంచి 7 వరకు, కొత్త వీఎం కూడా 4 నుంచి 7 వరకు, మిగతా 24 కోర్లు ఖాళీగా. హోస్ట్ మొత్తం సగటు 15 శాతం కూడా దాటదు, ఈ రెండు వీఎంలు మాత్రం కొట్టుకు చస్తుంటాయి. మార్చడానికి వీఎం ఆపక్కర్లేదు:

విర్ష్ వీసీపీయూపిన్ వెబ్1 0 8 --లైవ్ --కాన్ఫిగ్

ఇందులో 0 వీసీపీయూ నంబరు, 8 ఫిజికల్ సీపీయూ నంబరు. --కాన్ఫిగ్ మరిచిపోతే వీఎం ఆపి మళ్లీ పెట్టగానే పాత పిన్నింగ్ తిరిగొస్తుంది.

పిన్ చేసేటప్పుడు హైపర్‌థ్రెడ్ జంటలను (ఒకే కోర్‌ను పంచుకునే రెండు సీపీయూ నంబర్లు) తప్పక చూడాలి. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌కు చిన్న ఈ ఆప్షన్ ఇస్తే ఏ సీపీయూ నంబరు ఏ కోర్‌కు చెందిందో కాలమ్ వస్తుంది. ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్ల మీద రెండు బిజీ వీసీపీయూలు పడితే రెండూ నెమ్మదిస్తాయి. కానీ డిలే పెరగదు, స్టీల్ రాదు. షెడ్యూలర్ దృష్టిలో రెండూ నిజంగానే నడుస్తున్నాయి. ఏ స్థితిలోనూ కనిపించని నష్టం ఇది. ‘కౌంటర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, పని మాత్రం ఆలస్యమవుతోంది’ అనే కేసుల్లో చాలాసార్లు తేలేది ఇదే.

రెండో అనుమానం కోటా. విర్ష్ షెడ్‌ఇన్ఫో వెబ్1 కొట్టి వీసీపీయూ_పీరియడ్, వీసీపీయూ_కోటా చూడండి. రెండూ మైక్రోసెకన్లలో. పీరియడ్ 1,00,000, కోటా 50,000 ఉంటే ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మాత్రమే నడవనిస్తారు, మిగతా 50లో కోర్ ఖాళీగా పడి ఉన్నా సరే ఎక్కనివ్వరు. ఈ కోటా ఒక్కో వీసీపీయూకు విడివిడిగా వర్తిస్తుంది, వీఎం మొత్తానికి పెట్టేది గ్లోబల్_కోటా. హోస్ట్ ఖాళీగా ఉండగా డిలే ఎక్కువుందంటే ముందు చూడాల్సింది ఈ రెండే. రుజువు కావాలంటే ఆ వీఎం సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల వనరులకు పరిమితులు పెట్టే కెర్నల్ గ్రూపు) సీపీయూ.స్టాట్ ఫైలు తెరవండి. ఎన్ఆర్_థ్రాటిల్డ్ అంకె ప్రతి చూపుకీ పెరుగుతుంటే కోటానే కారణం. పరిమితి ఎత్తేయాలంటే:

విర్ష్ షెడ్‌ఇన్ఫో వెబ్1 --లైవ్ --సెట్ వీసీపీయూ_కోటా=-1

కోటాతో ఇంకో చిక్కుంది. ఒక వీసీపీయూ స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా కోటా అయిపోతే, మిగతా వీసీపీయూలు ఆ లాక్ కోసం గిరగిరా తిరుగుతూ తమ కోటాలు కూడా తగలేసుకుంటాయి. అందుకే ఎనిమిది వీసీపీయూలు ఇచ్చి ఒక్కోదానికి 25 శాతం కోటా పెట్టడం కంటే, రెండు వీసీపీయూలు ఇచ్చి కోటా లేకుండా వదిలేయడం చాలా మేలు. కాగితం మీద రెండూ ఒకటే.

పిన్నింగ్, కోటా రెండూ బాగుంటే మిగిలింది ఓవర్‌కమిట్, అంటే ఉన్న కోర్లకు మించి వీసీపీయూలు ఇచ్చేయడం. హోస్ట్ మీద వీఎంస్టాట్ 1 అని కొట్టి ‘ఆర్’ కాలమ్ చూడండి. నడుస్తున్నవీ, నడవడానికి సిద్ధంగా ఉన్నవీ కలిపిన థ్రెడ్ల సంఖ్య అది. హోస్ట్ లాజికల్ సీపీయూల సంఖ్యను అది తరచూ దాటుతుంటే చోటు చాలడం లేదు. మార్గాలు రెండే: కొన్ని వీఎంలను వేరే హోస్ట్‌కు మైగ్రేట్ చేయాలి, లేదా అవసరానికి మించి తీసుకున్న వీఎంల వీసీపీయూలు తగ్గించాలి. రెండోదానికి ఎవరూ సులువుగా ఒప్పుకోరు. పైన చేసిన టైమ్ లెక్క వారం రోజులది చూపిస్తే ఒప్పుకుంటారు.

ఒక్కోసారి పిన్నింగ్ అంతా పద్ధతిగా ఉండి, నెట్‌వర్క్ లోడ్ పెరిగినప్పుడే డిలే ఎగబాకుతుంది. అప్పుడు క్యూఎము ఎమ్యులేటర్ థ్రెడ్లు, ‘వీహోస్ట్’ పేరుతో ఉండే కెర్నల్ థ్రెడ్లు ఎక్కడ నడుస్తున్నాయో చూడండి. వీసీపీయూలకు కేటాయించిన కోర్ల మీదే అవి కూడా దూరుతుంటాయి. విర్ష్ ఎమ్యులేటర్‌పిన్ వెబ్1 2-3 అని వాటికి వేరే కోర్లు ఇవ్వండి.

ఖాళీ గెస్ట్, బిజీ హోస్ట్

దీనికి వ్యతిరేక సమస్య ఇది. గెస్ట్‌లో ఐడిల్ 98 శాతం, హోస్ట్ టాప్‌లో మాత్రం ఆ క్యూఎము ప్రాసెస్ గణనీయంగా సీపీయూ తింటూ ఉంటుంది. చాలాసార్లు ఇది హాల్ట్ పోలింగ్. గెస్ట్ హెచ్ఎల్‌టీ వేయగానే కేవీఎం థ్రెడ్‌ను వెంటనే నిద్రపుచ్చదు. ఇప్పుడే ఇంకో ఇంటరప్టు వస్తుందేమోనని కొద్దిసేపు కోర్ మీదే ఉండి చూస్తుంది. ఎక్స్86 కెర్నల్‌లో ఆ గరిష్ఠ కాలం డిఫాల్ట్‌గా 2,00,000 నానోసెకన్లు, అంటే 0.2 మిల్లీసెకను. చిన్న చిన్న టైమర్లతో సెకనుకు వేలసార్లు లేచే గెస్ట్ అయితే అవన్నీ కలిసి పెద్ద మొత్తమే అవుతాయి.

ఈ కాలం డోమ్‌స్టాట్స్ ‘టైమ్’లో కూడా చేరుతుంది. కాబట్టి ఐడిల్ ఎక్కువున్న గెస్ట్ విషయంలో టైమ్ తేడా మొత్తం అసలు పని అనుకోకూడదు. సిస్ డైరెక్టరీలో మాడ్యూల్, కేవీఎం, పారామీటర్స్ కింద హాల్ట్_పోల్_ఎన్ఎస్ ఫైల్లో 0 రాస్తే పోలింగ్ ఆగిపోతుంది. వీఎంలు కిక్కిరిసిన హోస్ట్‌కు అది లాభం. ప్రతి మైక్రోసెకనూ లెక్కపెట్టే అప్లికేషన్ ఉన్న హోస్ట్ మీద మాత్రం ముట్టుకోకండి, లేచే ఆలస్యం పెరుగుతుంది.

పాజ్ అయిన వీఎం

పింగ్ లేదు, కన్సోల్ బిగుసుకుపోయింది, విర్ష్ లిస్ట్‌లో వీఎం ఉంది. ముందుగా:

విర్ష్ డోమ్‌స్టేట్ వెబ్1 --రీజన్

‘పాజ్డ్’ పక్కన కారణం వస్తుంది. ‘యూజర్’ అంటే ఎవరో కావాలని ఆపారు. ‘మైగ్రేటింగ్’ అంటే వేచి ఉండండి. ‘ఐ/ఓ ఎర్రర్’ అంటే డిస్క్ రాయబోతే తప్పు వచ్చింది, డేటా పాడవకుండా క్యూఎము వీసీపీయూలన్నిటినీ ఆపేసింది. విర్ష్ డోమ్‌బీఎల్‌కెఎర్రర్ వెబ్1 కొడితే ఏ డిస్కో చెబుతుంది. ‘నో స్పేస్’ అని వస్తే ఇమేజ్ ఉన్న స్టోరేజీ నిండిపోయినట్టు. థిన్ ప్రొవిజనింగ్ చేసిన (చోటు ముందే తీసుకోకుండా వాడేకొద్దీ పెరిగే) క్యూకౌ2 డిస్క్ ఇమేజ్‌లతో ఇది మామూలే, గెస్ట్ లోపల ఖాళీ కనిపిస్తున్నా హోస్ట్ మీద చోటుండదు. ముందు చోటు చేయండి, తర్వాత విర్ష్ రెజ్యూమ్ వెబ్1. చోటు చేయకుండా రెజ్యూమ్ కొడితే మరుక్షణం మళ్లీ పాజ్ అవుతుంది. కంగారులో డిస్ట్రాయ్ (వీఎంను బలవంతంగా ఆపేసే కమాండ్) కొట్టడం మాత్రం వద్దు. వీఎం జ్ఞాపకం మొత్తం చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని చేతులారా పారేసుకున్నట్టవుతుంది.

‘పీఎంసస్పెండెడ్’ వేరు. గెస్ట్ తనంతట తానే స్లీప్‌లోకి వెళ్లింది. దానికి రెజ్యూమ్ కాదు, విర్ష్ డోమ్‌పీఎంవేకప్. ల్యాప్‌టాప్ అలవాట్లున్న డెస్క్‌టాప్ ఇమేజ్‌లను సర్వర్‌గా వాడినప్పుడు ఇది కనిపిస్తుంది.

ఎక్కువసేపు పాజ్ అయి లేచిన లినక్స్ గెస్ట్ లాగ్‌లో ‘సాఫ్ట్ లాకప్’ హెచ్చరికలు కనిపించవచ్చు, ఫలానా సీపీయూ 22 సెకన్లు ఇరుక్కుపోయిందని. వాచ్‌డాగ్_థ్రెష్ డిఫాల్ట్ 10 సెకన్లు, దానికి రెట్టింపు, అంటే 20 దాటితే కెర్నల్ ఇలా అరుస్తుంది. పాజ్ సమయంతో సరిపోలితే దాన్ని వదిలేయండి. పాజ్ ఏదీ లేకుండా ఇవే హెచ్చరికలు వస్తుంటే డిలే లెక్క తీయాల్సిందే, హోస్ట్ మీద వీసీపీయూ ఆకలితో మాడుతోంది. లేచాక గడియారం వెనకబడితే గెస్ట్ ఏజెంట్ (గెస్ట్ లోపల నడిచే సహాయక ప్రోగ్రాం) ఉన్నచోట విర్ష్ డోమ్‌టైమ్ వెబ్1 --సింక్ సరిచేస్తుంది.

ఆఫ్‌లైన్ వీసీపీయూ: తగిలించడం, తీయడం

విర్ష్ వీసీపీయూకౌంట్ వెబ్1 నాలుగు అంకెలు ఇస్తుంది: గరిష్ఠం, ప్రస్తుతం, ఒక్కోటి కాన్ఫిగ్‌లో, లైవ్‌లో. గరిష్ఠం 8, ప్రస్తుతం 2 అయితే ఆరు ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టు. లైవ్ గరిష్ఠాన్ని నడుస్తుండగా పెంచలేరు, కాబట్టి వీఎం తయారుచేసేటప్పుడే కాస్త ఉదారంగా పెట్టుకోండి.

విర్ష్ సెట్‌వీసీపీయూస్ వెబ్1 4 --లైవ్

ఇది అయ్యాక హోస్ట్ వైపు నాలుగు కనిపిస్తాయి, గెస్ట్‌లో ఇంకా రెండే ఉండొచ్చు. లినక్స్ గెస్ట్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొడితే ఆఫ్‌లైన్ జాబితాలో 2, 3 కనిపిస్తాయి. సిస్ డైరెక్టరీలో డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ2 కింద ఉన్న ఆన్‌లైన్ ఫైల్లో 1 రాయండి, సీపీయూ3కి కూడా అలాగే. చాలా డిస్ట్రిబ్యూషన్లలో యూడెవ్ (కొత్త డివైస్‌లను గమనించే లినక్స్ సర్వీసు) నియమం ఈ పని తానే చేసేస్తుంది.

తీసేటప్పుడు గెస్ట్ సహకరించాలి. గెస్ట్ ఆ సీపీయూను వదలకపోతే కమాండ్ టైమ్అవుట్ అవుతుంది, స్థితి మారదు. వీసీపీయూ 0ని ఎప్పుడూ తీయలేరు. బూట్ సమయంలోనే ఇచ్చిన వీసీపీయూలు హాట్‌ప్లగబుల్ (నడుస్తుండగానే తీయగలవి) అని గుర్తు పెట్టి ఉంటే తప్ప రావు. లైవ్‌లో తగిలించినవి మాత్రం ఆ గుర్తుతోనే వస్తాయి, వాటిని తీయొచ్చు.

జెన్‌లో

ఎక్స్ఎల్ వీసీపీయూ-లిస్ట్ కొడితే స్టేట్ కాలమ్‌లో మూడు గళ్లు. మొదటి గడిలో ‘ఆర్’ ఉంటే నడుస్తోంది, రెండో గడిలో ‘బీ’ ఉంటే నిద్ర, మూడో గడిలో ‘పీ’ ఉంటే తగిలించి లేదు. మూడూ గీతలే ఉంటే ఏమీ లేదనుకోకండి, అది క్యూలో నిలబడ్డ స్థితి. పది పదిహేనుసార్లు వరసగా కొట్టి చూసినప్పుడు మూడు గీతలు తరచూ కనబడితే కోర్లు చాలడం లేదు. ఖాళీ గెస్ట్‌కు ‘బీ’ ఉండడం ఆరోగ్య లక్షణం.

ఈఎస్ఎక్స్‌ఐలో

ఈఎస్ఎక్స్‌టాప్ తెరిచి సీపీయూ స్క్రీన్‌లో చూడాల్సిన కాలమ్‌లు శాతం రన్, శాతం ఆర్‌డీవై, శాతం సీఎస్‌టీపీ, శాతం వెయిట్. ఒక్కో వీసీపీయూకు ఈ నాలుగూ కలిపి 100. మొదట కనిపించే వరస వీఎం మొత్తానిది, అందులోని అన్ని థ్రెడ్ల కూడిక. ‘ఈ’ నొక్కి గ్రూప్ నంబరు ఇస్తే విడివిడిగా తెరుచుకుంటుంది. విప్పకుండా ఆర్‌డీవై 20 చూసి బెంబేలెత్తకండి, ఎనిమిది వీసీపీయూల వీఎంకు అది ఒక్కోదానికి 2.5 మాత్రమే. వెయిట్ వందలకొద్దీ ఉన్నా కంగారు అక్కర్లేదు, అందులో ఐడిల్ కూడా కలిసి ఉంటుంది. అసలు అడ్డంకి చూడాలంటే శాతం వీఎంవెయిట్ కాలమ్.

ఆర్‌డీవై ఎక్కువున్నప్పుడు పక్కనే శాతం ఎంఎల్ఎంటీడీ చూడండి. అది కూడా దాదాపు అంతే ఉంటే కోర్లు లేక కాదు, ఎవరో సీపీయూ లిమిట్ పెట్టారు. టెంప్లేట్ నుంచి లిమిట్ తెలియకుండా వచ్చేయడం చాలా మామూలు.

విస్ఫియర్ (ఈఎస్ఎక్స్‌ఐ హోస్టులను నిర్వహించే వీఎంవేర్ ప్లాట్‌ఫాం) చార్టుల్లో రెడీ శాతంగా కాక మిల్లీసెకన్ల మొత్తంగా వస్తుంది, అది చార్టు వ్యవధిని బట్టి మారుతుంది. రియల్‌టైమ్ చార్టులో ఒక్కో చుక్క 20 సెకన్లది. నాలుగు వీసీపీయూల వీఎంకు రెడీ 8,000 ఉంటే, 20,000తో భాగిస్తే 40 శాతం, నాలుగుతో భాగిస్తే ఒక్కోదానికి 10. ఇబ్బందే. అదే 8,000 ఒక రోజు చార్టులో కనిపిస్తే ఒక్కో చుక్క 300 సెకన్లది, 3,00,000తో భాగిస్తే 2.67, ఒక్కోదానికి 0.67. ఏ బాధా లేదు. వారం చార్టుకు చుక్క 1,800 సెకన్లు, నెల చార్టుకు 7,200.

సీఎస్‌టీపీ అంటే కో-స్టాప్. ఒకే వీఎంలోని వీసీపీయూలు మరీ ఎడం కాకుండా కలిసి ముందుకు సాగాలని ఈఎస్ఎక్స్‌ఐ చూస్తుంది. ఒకటి కోర్ దొరక్క వెనకబడితే ముందున్నవాటిని ఆపి ఉంచుతుంది. అది 3 శాతం దాటితే ఆ వీఎంకు వీసీపీయూలు ఎక్కువయ్యాయని మొదటి అనుమానం. స్నాప్‌షాట్‌లు పేరుకుపోయినా, వాటిని కలుపుతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి అవి ఉన్నాయేమో ముందు చూసుకోండి. వీసీపీయూలు తగ్గించడానికి వీఎంను పవర్ ఆఫ్ చేయక తప్పదు. సీపీయూ హాట్ యాడ్ ఆప్షన్ పేరుకు తగ్గట్టు కలపడానికే పనికొస్తుంది. విస్ఫియర్ 7, అంతకుముందు వెర్షన్లలో ఆ ఆప్షన్ ఆన్‌లో ఉంటే గెస్ట్‌కు వీన్యూమా (ఏ మెమరీ ఏ సీపీయూకు దగ్గరో గెస్ట్‌కు చూపే అమరిక) కనిపించదు. పెద్ద డేటాబేస్ వీఎం అయితే, ఎలాగూ పవర్ ఆఫ్ చేశారు కాబట్టి అదే సమయంలో ఆ టిక్ కూడా తీసేయండి.